మూడో సంతకం

బ్యాంకు లాయరుగారి లీగల్ ఒపీనియన్ మూడు పేజీలు. రెండున్నర పేజీల వరకు అంతా బాగానే ఉంది. 1996లో ఫ్లాటు కొన్న దస్తావేజు, దాని వెనక లింకు డాక్యుమెంట్లు, ముప్పై ఏళ్ల ఈసీ, ఇంటిపన్ను రసీదులు అన్నీ సరిపోయాయి. చివర్లో ఒక్క వాక్యం. యజమాని వీలునామా రాయకుండా చనిపోయారు కనుక ఆయన కుమార్తె కూడా అమ్మకందారుగా సంతకం చేయాలి, లేదా తన హక్కును సోదరులకు వదులుకుంటూ రిజిస్టరు దస్తావేజు రాసివ్వాలి.

కుమార్తె ఎవరు? అప్పటికి రెండు నెలలకు పైగా ఆ అన్నదమ్ములతో మాట్లాడుతున్నాను. వాళ్లింట్లో నాలుగుసార్లు టీ తాగాను. వాళ్లకొక అక్క ఉందని వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు. తహసీల్దారు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఆమె పేరు ఉంది. అందరికంటే పెద్దదైనా తమ్ముళ్లిద్దరి తర్వాత మూడో వరసలో రాశారు. బ్యాంకు కోసం ఆ కాగితాన్ని జిరాక్సు తీయించింది నేనే. చదవలేదు.

నా పిహెచ్‌డి తెలుగు స్త్రీల కథల్లో ఇల్లు గురించి.

2022 జనవరిలో నల్లకుంటలో ఆ ఫ్లాటు చూశాను. పాత బిల్డింగు, రెండో అంతస్తు, ఏడువందల యాభై అడుగులు, లిఫ్టు లేదు. వంటింటి కిటికీలోంచి పక్కింటి వేపచెట్టు కనిపిస్తుంది. ధర నలభై లక్షలు. అందులో ముప్పై బ్యాంకు ఇస్తే, మిగతా పది, స్టాంపు డ్యూటీ రిజిస్ట్రేషను కలిపి ఏడున్నర శాతం లెక్కన ఇంకో మూడు నా దగ్గరున్నాయి. పదేళ్ల పొదుపు, అమ్మ గాజులు కలిపితే ఆ మొత్తం వచ్చింది. అప్పటికి హైదరాబాద్‌లో నేను, అమ్మ ఆరు అద్దె ఇళ్లు మారాం. "మగవాళ్లెవరూ లేరా?" అన్న ప్రశ్న ఆరుచోట్లా విన్నాం. ఇల్లు చూపించేవాళ్లకు నా జీతం గురించి ఎప్పుడూ అనుమానం రాలేదు. రాత్రి ఎన్నింటికి వస్తాను, ఎవరు వస్తారు అన్నదే వాళ్ల బాధ.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. ఆ మాట ఎవరితో అన్నారో ఎప్పుడూ ఆలోచించలేదు. కట్టేవాడు, చేసేవాడు మగవాడే. పెళ్లి చేసుకోకుండా ఇల్లు కొనుక్కునే ఆడదాన్ని ఆ సామెత ఊహించనే లేదు. బ్యాంకు కూడా ఊహించలేదు. దరఖాస్తులో భర్త పేరు గడి వదిలేస్తే ఆ అబ్బాయి కంగారుపడ్డాడు. "కో అప్లికెంటుగా నాన్నగారో, అన్నయ్యో ఉంటే ఫైలు స్ట్రాంగుగా ఉంటుంది మేడం" అన్నాడు. నాన్న లేడు, అన్నయ్య లేడు. ఫారం 16, రెండేళ్ల ఐటీ రిటర్నులు, ఆరు నెలల స్టేట్‌మెంటు ఇచ్చాను. చివరికి మార్చిలో శాంక్షన్ లెటరు వచ్చింది. వడ్డీ 6.75 శాతం, ఇరవై ఏళ్లు, నెలకు 22,811 రూపాయలు. ఆడవాళ్లమని ఐదు పైసలు తగ్గించారట, ఆ సంగతి సంతోషంగా చెప్పాడు. శాంక్షన్ మూడు నెలలే చెల్లుతుంది. మూడు నెలలు చాలా ఎక్కువ అనుకున్నాను.

లాయరు ఒపీనియన్ చూపిస్తే పెద్ద తమ్ముడు నవ్వేశాడు. "అక్క పెండ్లి ఎనబై మూడులనే అయింది మేడం. ఎన్టీఆర్ చట్టం రాకముందే. ఆమెకు హక్కు లేదు." ఆయన అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే అలా నమ్ముతున్నాడు. చాలామంది నమ్ముతారు. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు ఇవ్వలేదు. పల్లెల్లో, పట్నాల్లో ఆ ఒక్క మినహాయింపు మాత్రం అందరి నోటా నిలిచిపోయింది. 2005లో కేంద్రం చేసిన సవరణ, 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు, ఇవేవీ అంత దూరం పోలేదు. అసలు ఈ ఇంటికి ఆ గొడవే లేదు. ఇది వాళ్ల నాన్న ఆర్టీసీలో రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొనుక్కున్నది, స్వార్జితం. వీలునామా లేకుండా పోతే స్వార్జితంలో కూతురికీ కొడుకుకూ సమానమని 1956 హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. పెళ్లయిందా లేదా అన్న ప్రశ్న అందులో లేదు. తల్లి కూడా 2016లో పోయింది కనుక ముగ్గురికీ మూడో వంతు. నేను పుట్టకముందు, మా అమ్మ పుట్టకముందు వచ్చిన చట్టం అది. లాయరుగారు రెండు నిమిషాల్లో చెప్పేశారు. తమ్ముళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఏముంది, రిలీజు రాపిస్తం. అక్క మా మాట కాదంటదా" అన్నాడు చిన్నతను.

అక్క కాదనలేదు. సరే అనీ అనలేదు. ఏప్రిల్ మొదటివారం మనవడికి జ్వరమంది. మూడోవారం వాళ్లింట్లో పెళ్లంది. మే నెలలో ఫోను ఎత్తలేదు. మే 4న రిజర్వు బ్యాంకు రెపో రేటు 4 నుంచి 4.40కి పెంచింది. జూన్‌లో మళ్లీ పెంచింది. అద్దింటి యజమాని కూతురు అమెరికా నుంచి వస్తోందని, జూలైకల్లా ఖాళీ చేయమన్నాడు. నేను రోజూ రాత్రి కంప్యూటరు ముందు కూర్చుని నెల వాయిదా లెక్కగట్టేదాన్ని. ఏడున్నరైతే ఎంత, ఎనిమిదైతే ఎంత. పెరిగిన ప్రతి వందనూ జనగామలో ఉన్న, నేను ఎన్నడూ చూడని ఒక స్త్రీ ఖాతాలో రాసేదాన్ని.

ఇక్కడొక సంగతి ఒప్పుకోవాలి. అది చలన వడ్డీ అప్పు. రెపోకు ముడిపెట్టినది. ఆమె మార్చిలోనే సంతకం పెట్టి ఉన్నా ఆ పెరుగుదల నా నెత్తిన పడేదే. ఈ చిన్న విషయం నాకు తెలియక కాదు, శాంక్షన్ లెటరులో ఉంది. కోపానికి ఒక మనిషి కావాలి, రిజర్వు బ్యాంకు గవర్నరు మీద కోపం ఆనదు. ఇంట్లో ఆమెను "ఆవిడ" అనడం మానేసి "అది" అన్నాను ఒకసారి. అమ్మ తలెత్తి చూసింది.

"మీరొకసారి పోయి మాట్లాడుండ్రి మేడం. లేడీసు లేడీసు. సదువుకున్నోళ్లు. చెప్తే వింటది" అని పెద్దతను అన్నప్పుడు నాకు సిగ్గు వేసి ఉండాల్సింది. వేయలేదు. ఆదివారం ఉప్పల్లో బస్సెక్కాను.

ఆమె ఇల్లు జనగామలో స్టేషనుకు దగ్గరే. ముందుగది కిరాణా కొట్టు. భర్త కొట్లో కూర్చున్నాడు. యాభై ఆరేళ్ల మనిషి, జుట్టు ముందువైపు పూర్తిగా నెరిసింది. నన్ను వెనక వరండాలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. నేను అక్కా అన్నాను. ఆమె ముందు మేడం అంది, తర్వాత బిడ్డా అంది.

"సంతకం బెట్టనని నేనెన్నడన్న అన్ననా? అన్లేదు. పెడత. గని ఆ కాయితంల ఏం రాసిండ్రో నాకు సదివి చెప్పు" అని గూట్లోంచి ఒక మడత తీసింది. తమ్ముళ్లు పంపిన చిత్తు దస్తావేజు. దస్తావేజుల తెలుగు ఒక వింత. వ్యావహారికం గెలిచి ఇన్నేళ్లయినా సబ్ రిజిస్ట్రారు ఆఫీసు గడప దాటి లోపలికి పోలేకపోయింది. చదివాను. వివాహకాలమందు తనకు రావలసినదంతయు ముట్టినదని, సోదరులయందలి ప్రేమాభిమానములచే, ఎవరి బలవంతమును లేక, యావత్తు హక్కును విడుదల చేయుచున్నానని.

"ముట్టింది అంటే?"

"వచ్చేసింది అని."

"ఏమొచ్చింది? రెండు తులాల బంగారం, సైకిలు. సైకిలు ఆయనకిచ్చిండ్రు." కాసేపు ఆగింది. "పైసల గురించి కాదు బిడ్డా. నాకు ఒడిబియ్యం పోసింది ఆ ఇంట్లనే. అమ్మ పోయినంక తల్లిగారిల్లంటే ఆ తలుపే. అది అమ్ముతున్నట్టు నాకు జెప్పలేదు. సంతకం కావాలని చెప్పిండ్రు. ఇప్పుడు పైసలడిగితే బతుకమ్మకు పిలుస్తరా? పిలవరు. అడగకపోతే ఈయన ఊకోడు. అడిగితే వచ్చినయి ఈ కొట్ల కలిసిపోతయి. ఇడిస్తే తమ్ముండ్ల పేరు మీద పోతది, తెస్తే ఈయన పేరు మీద పోతది. నా పేరు మీద ఏముంటది?"

తర్వాత అడిగింది, "నా వాటా ఎంతొస్తది? నీకు తెలుసా?"

నాకు తెలుసు. పదమూడు లక్షల ముప్పై మూడు వేల చిల్లర. అంతకుముందు రాత్రే లెక్కగట్టాను. తమ్ముళ్లు ఆమెకు ఏమిస్తారో కూడా తెలుసు, చీర పెట్టి రెండు లక్షలు. నేను నిజం చెబితే వాళ్ల ముగ్గురి మధ్య గొడవ మొదలవుతుంది. ఆ గొడవ ఏ కోర్టుకైనా చేరితే పదేళ్లు. నా బయానా రెండు లక్షలు, నా శాంక్షన్, జూలైలో ఖాళీ చేయాల్సిన ఇల్లు, అమ్మ మోకాళ్లు.

"లాయరును అడిగితే సరిగ్గా చెబుతారక్కా" అన్నాను.

ఆమె ఏమీ అనలేదు. వెళ్లేటప్పుడు ఒక కవరులో సకినాలు పెట్టి ఇచ్చింది. తిరుగు బస్సులో ఆ కవరు ఒళ్లో పెట్టుకుని ఘట్‌కేసర్ దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

నా సిద్ధాంత గ్రంథంలో నాలుగో అధ్యాయం పేరు "ఎవరి ఇల్లు?". అందులో పి.సత్యవతిగారి "ఇల్లలకగానే" కథ మీద పద్నాలుగు పేజీలు రాశాను. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మరిచిపోయిన గృహిణి కథ అది. ఆ పేరు ఏ దస్తావేజులో ఉండాలన్నది నాకప్పుడు తట్టలేదు. వర్జీనియా ఉల్ఫ్ 1929లో రాసిన పుస్తకంలో గదితో పాటు ఏడాదికి ఐదువందల పౌన్లు కావాలంది కదా, ఆ డబ్బు చనిపోయిన మేనత్త రాసిచ్చినదని మనం తరగతిలో అంతగా చెప్పం. బీనా అగర్వాల్ 1994లో వెలువరించిన "ఎ ఫీల్డ్ ఆఫ్ వన్స్ ఓన్" నుంచి కూడా ఉదహరించాను. అక్కచెల్లెళ్లు పుట్టింటి తలుపు మూసుకుపోకుండా ఉండటానికి తమ భూమి వాటాను అన్నదమ్ములకు వదిలేస్తారని, ఆపదలో వెనక్కి వెళ్లడానికి ఒక చోటు ఉండాలన్న లెక్క అందులో ఉంటుందని ఆమె చెప్పిన మాటకు నేను పెన్సిలుతో గీత గీసుకున్నాను కూడా. జనగామ వరండాలో ఒక మనిషి అదే మాట తన భాషలో నాకు చెబుతుంటే నేను గడియారం చూసుకున్నాను.

ఆ రాత్రి అమ్మకు చెప్పాను. అంతా కాదు, నేను జవాబు దాటేసిన సంగతి కాక మిగతాది. "అంత ఆలోచించేదేముంది, ఏదో ఒకటి తేల్చొచ్చు కదా" అన్నాను. అమ్మ మెంతులు ఏరుతోంది.

"తెనాలి నుంచి మావయ్య వచ్చింది గుర్తుందా?" అంది.

గుర్తుంది. 2001. నేను పదో తరగతి. మావయ్య పట్టుచీర, పసుపు కుంకుమ, ఒక బుట్టెడు బత్తాయిలు తెచ్చాడు. భోజనాలయ్యాక స్టాంపు కాగితాలు తీశాడు. పొలం అమ్ముతున్నాడు, అక్కచెల్లెళ్ల సంతకాలు కావాలి. అమ్మ చెయ్యి కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, ఏడుచోట్ల సంతకం పెట్టింది. నేను పక్కన బత్తాయి ఒలుచుకుంటున్నాను. అమ్మ సంతకం అంత పొడుగ్గా, ఇంటిపేరుతో సహా రాయడం అదే మొదటిసారి చూడటం. బాగుందనుకున్నాను.

"నీకు తెలుసా అప్పుడు, ఎంతో?"

"ఎవరూ చెప్పలేదు. చెప్పినా పెట్టేదాన్నేమో. అది వేరే సంగతి." మెంతుల పళ్లెం పక్కన పెట్టింది. "చెప్పి ఉంటే, పెట్టింది నేను అయ్యుండేదాన్ని."

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి జనగామకు ఫోను చేశాను. పదమూడు లక్షల ముప్పై మూడు వేల చిల్లర అని చెప్పాను. చట్టం ఏమిటో, 1985 లెక్క ఇక్కడ ఎందుకు వర్తించదో చెప్పాను. విడుదల పత్రం రాయనక్కర్లేదని, తమ్ముళ్లతో పాటు ఆమె కూడా అమ్మకందారుగా సేల్ డీడులో సంతకం పెట్టొచ్చని, అప్పుడు తన వాటా డబ్బు తన పేరు మీదే బ్యాంకు డీడీగా వస్తుందని చెప్పాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం. "నిన్ననే ఎందుకు చెప్పలే?" అంది.

నా దగ్గర సమాధానం లేదు. "భయమేసిందక్కా" అన్నాను.

"నాకూ గంతే" అంది.

ఇది మంచితనం కథ అని ఎవరైనా అనుకుంటారేమోనని చెబుతున్నాను. ఆ ఫోను చేశాక నెల రోజులు నేను రోజూ పశ్చాత్తాపపడ్డాను, చెప్పినందుకు. తమ్ముళ్లు మండిపడ్డారు. చిన్నతను నాకు ఫోను చేసి "మా ఇంట్ల చిచ్చు పెట్టిండ్రు" అన్నాడు. అందులో కొంత నిజముంది. జూన్‌లో శాంక్షన్ గడువు తీరిపోయింది. జూలైలో మేము ఏడో అద్దె ఇంటికి మారాం, విద్యానగర్‌లో, నెలకు పదకొండు వేలు. పుస్తకాల పెట్టెలు సగం విప్పలేదు. బయానా వెనక్కి తీసుకుని వేరేది చూసుకోమని స్నేహితులందరూ చెప్పారు. ఒకామె, చాలా ఏళ్లుగా స్త్రీవాద ఉద్యమంలో ఉన్న మనిషి, "నువ్వు కొనుక్కోవడానికి వెళ్లావా, ఉద్యమం చెయ్యడానికి వెళ్లావా?" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఎందుకు ఆగానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. వేపచెట్టు కోసం అని అమ్మతో అన్నాను.

ఎదురుచూడటంలో ఒక విచిత్రం ఉంది. బ్యాంకు కోసం, లాయరు కోసం, ఈసీ కోసం చూసినప్పుడు మన కోపానికి ఒక కౌంటరు ఉంటుంది, టోకెను నంబరు ఉంటుంది. ఒక మనిషి మనసు తేలడం కోసం చూసేటప్పుడు కౌంటరు ఉండదు. బతుకమ్మ పండగ వచ్చింది. తమ్ముళ్లు ఆమెను పిలవలేదని తెలిసింది. ఆమె చెప్పలేదు, పెద్దతనే చెప్పాడు, గొంతు అదోలా పెట్టి. దీపావళి అయ్యాక ఆయనే వెళ్లాడట. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. డిసెంబరులో లెక్క తేలింది. ఆమెకు తొమ్మిది లక్షలు. మూడో వంతు కాదు. "సాలు బిడ్డా, గంత దాకనే నా పానం ఒప్పుకుంది" అంది. నాకు ఒప్పలేదు. కానీ ఆ అంకె ఆమె తేల్చుకున్నది.

కొత్త శాంక్షన్ 8.75 శాతానికి వచ్చింది. రెపో 2023 ఫిబ్రవరిలో 6.50 చేరింది. నెల వాయిదా 26,511. ముందుకన్నా సరిగ్గా 3,700 ఎక్కువ. ఈసారి ఎవరి ఖాతాలోనూ రాయలేదు.

మార్చిలో రిజిస్ట్రేషను. ఢిల్లీలో ఆడవాళ్ల పేరు మీద కొంటే స్టాంపు డ్యూటీ తక్కువ. నాకు ఇక్కడ ఆ తేడా ఏమీ లేదు, మూడు లక్షలు మూడు లక్షలే. నిరుపేదల ఇళ్ల పథకాల్లో మాత్రం ప్రభుత్వాలు పట్టాలు ఆడవాళ్ల పేరు మీదే ఇస్తాయి. సర్కారు ఇచ్చే ఇల్లు ఆడదానిది, తండ్రి వదిలిన ఇల్లు మగవాడిది. డాక్యుమెంటు రైటరు నా పేరు పక్కన టైపు చేస్తూ "వైఫాఫ్?" అని ఆగాడు. డాటరాఫ్ అన్నాను. ఆమె పేరు పక్కన అతను అడగకుండానే భర్త పేరు కొట్టేశాడు. ఆమె వంగి చూసి, "నాయన పేరు పెట్టరాదా? ఇల్లు ఆయనదే గదా" అంది. రెండూ పెట్టొచ్చని లాయరుగారు అన్నారు. ఆ పేజీ మళ్లీ ప్రింటు తీశారు.

ఆఫీసులో మధ్యాహ్నం రెండుదాకా బెంచీ మీద కూర్చున్నాం. అటొక తమ్ముడు, ఇటొక తమ్ముడు, మధ్య ఆమె. ఎవరూ మాట్లాడుకోలేదు. చిన్నతను లేచి వెళ్లి నాలుగు చాయ్‌లు తెచ్చాడు. ముందు అక్కకిచ్చాడు. కెమెరా ముందు ఫోటో దిగేటప్పుడు ఆమె కొంగు తల మీద కప్పుకోబోయి, వద్దంటే తీసేసింది. వేలిముద్ర యంత్రం ఆమె వేలిని మూడుసార్లు తీసుకోలేదు. గిన్నెలు తోమిన వేళ్లకు గీతలు ఉండవట, అక్కడి అమ్మాయి చెప్పింది, రోజూ చూస్తుందట. నాలుగోసారి తీసుకుంది. డీడీ ఆమె చేతికిచ్చాను. కొట్టు ఖాతాలో కాక, పొదుపు సంఘం కోసం తెరిచిన తన ఖాతాలో వేసుకుంటానంది. ఆ తర్వాత ఏమైందో నేను అడగలేదు.

వాళ్లు ఇల్లు ఖాళీ చేసినప్పుడు బాల్కనీలో రోలు వదిలేశారు. వాళ్లమ్మది. ఎవరికీ అక్కర్లేదు, మోయలేరు. ఆ వేసవిలో ఆమె కొడుకుతో వచ్చింది దానికోసం. ఇల్లంతా తిరిగింది. వంటింట్లో గట్టు మీద చెయ్యి పెట్టి నిలబడింది. ముందుగది దూలానికున్న కొక్కేన్ని చూపించి, నా పెద్ద మనవడి ఉయ్యాల దీనికే అంది. రోలు ఆ రోజు కదల్లేదు. మళ్లొచ్చినప్పుడు ఆటో మాట్లాడుకుని వస్తానంది. ఇంకా రాలేదు. అమ్మ దాని పక్కన తులసి కుండీ పెట్టింది.

వెళ్లే ముందు తలుపు దగ్గర కరెంటు బిల్లు కనపడితే తీసి చూసింది. అక్షరాలు కూడబలుక్కుని చదివింది. మీటరు ఇంకా వాళ్ల నాన్న పేరు మీదే ఉంది.

"కట్టినవా?"

"కట్టేశానక్కా."

"మరి ఈ కాయితం నీకు అక్కర్లేదు గదా" అని నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది. పేరు మార్పుకు ఇవ్వాల్సిన దరఖాస్తు నింపి ఉంచాను. నా బల్ల మీదే ఉంది, ఇవాల్టికీ.